అర మిల్లీమీటరు కూడా లేని గోడ

నార్కట్‌పల్లి దగ్గర హైదరాబాద్ లారీలు రెండు దారులు పడతాయి. తిన్నగా పోయేవి సూర్యాపేట, కోదాడ మీదుగా బెజవాడకు. కుడికి తిరిగేవి నల్లగొండ, మిర్యాలగూడ దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ మీది వంతెనెక్కి, అద్దంకి మీదుగా చెన్నై హైవేకు. సిమెంటు, బియ్యం, మందులు, యంత్రాల విడిభాగాలు పగలూ రాత్రీ ఈ దారుల్లో కదులుతూనే ఉంటాయి. ఈ దారులకు ఒక కొసన హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది. జనం నోట ఎన్‌ఎఫ్‌సీ. ఇంకో కొసన, చెన్నైకి డెబ్బై కిలోమీటర్ల దక్షిణాన, సముద్రపు ఒడ్డున కల్పాక్కం. ఈ రెంటినీ కలిపే ఒక ఉక్కు గొట్టం కథ ఇది.

గొట్టం బయటి వ్యాసం 6.6 మిల్లీమీటర్లు. గోడ మందం 0.45 మిల్లీమీటరు. కల్పాక్కంలో కట్టిన 500 మెగావాట్ల ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్‌లో ఇలాంటివి 217 కలిపి ఒక్కో ఆరుపలకల డబ్బాలో పెడతారు. అలాంటి ఇంధనపు డబ్బాలు 181. మొత్తం 39 వేల పైచిలుకు గొట్టాలు. గొట్టం లోపల యురేనియం, ప్లుటోనియం ఆక్సైడు బిళ్ళలు. బయట కరిగిన సోడియం 397 డిగ్రీల దగ్గర కింద దూరి, 547 డిగ్రీల వేడితో పైకి వస్తుంది. అణువిచ్ఛిత్తిలో పుట్టిన విషమంతా బయటికి పొక్కకుండా ఆపే మొదటి అడ్డం ఆ అర మిల్లీమీటరు కూడా లేని గోడే.

మిర్యాలగూడ, దేవరకొండ వైపు వాళ్ళకు యురేనియం పేరు కొత్తది కాదు. పెద్దవూర వైపు లంబాపూర్, పెద్దగట్టు గుట్టల్లో నిక్షేపాలు బయటపడ్డాక, 2003లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో జనం తవ్వొద్దని ఎదురు నిలిచారు. (సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో లింగమంతుల జాతర జరిగే పెద్దగట్టు వేరు, ఇది వేరు.) తాగే నీళ్ళ గురించీ, పిల్లల గురించీ పుట్టిన ఆ భయం న్యాయమైనది. రేడియేషన్ మనిషిని ఏం చేస్తుందో ఆ ఊళ్ళలో అందరికీ ఎంతో కొంత తెలుసు. అది ఇనుమును ఏం చేస్తుందన్నది మాత్రం మన పత్రికల్లో దాదాపు ఎక్కడా రాదు. మెగావాట్ల లెక్కలు వస్తాయి, శంకుస్థాపనల ఫొటోలు వస్తాయి. గోడ గురించి ఎవరూ రాయరు. ఆ కొరత నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

రియాక్టర్ నడుస్తోందనుకుందాం. గొట్టం లోపల ఒక ప్లుటోనియం పరమాణువు చీలింది. అందులోంచి ఒక న్యూట్రాన్ సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో బయటపడింది. దానికి విద్యుదావేశం లేదు కాబట్టి ఎలక్ట్రాన్లు దాన్ని ఆపలేవు. బిళ్ళను దాటింది, గోడలోకి వచ్చింది. అక్కడ వరసల్లో సర్దుకుని ఉన్న ఇనుప పరమాణువుల్లో ఒకదాని కేంద్రకానికి తగిలింది.

ఇనుప పరమాణువును దాని చోటు నుంచి పెకలించడానికి సుమారు 40 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు. ఈ ఒక్క దెబ్బలో అందింది పదుల వేలు. పరమాణువు లేచి పక్కదాన్ని కొట్టింది, అది ఇంకోదాన్ని, అది మరి నాలుగింటిని. కొన్ని నానోమీటర్ల మేర వరసలన్నీ చెదిరిపోయాయి. ఆ చిన్న చోటులో ఆ క్షణానికి ఉక్కు ఘనపదార్థం కానే కాదు, కరిగిన ముద్ద. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే వచ్చే కాలాన్ని పికోసెకను అంటారు. అలాంటివి ఓ పది గడిచేసరికి వేడి చుట్టుపక్కలకు పాకి, ముద్ద మళ్ళీ స్ఫటికంగా గట్టిపడింది. లేచిన పరమాణువుల్లో ఎక్కువ భాగం ఏదో ఒక చోట కుదురుకున్నాయి. తమ పాత చోటే కానక్కర్లేదు, ఏదో ఒక చోటు.

కొన్నిటికి మాత్రం చోటు దొరకలేదు. అవి వరసల మధ్య ఇరుక్కున్నాయి. ఇనుములో ఇలా ఇరుక్కున్న పరమాణువు ఒంటరిగా ఉండదు, మరోదాని చోటులోకే దూరి దానితో జంట కడుతుంది. శాస్త్రవేత్తలు ఆ జంటను డంబెల్ అంటారు. ఎన్ని పరమాణువులు ఇలా ఇరుక్కున్నాయో సరిగ్గా అన్ని చోట్లు వెనక ఖాళీగా మిగిలాయి.

ఇదంతా ఒక్క న్యూట్రాన్ పని. గొట్టం రియాక్టర్‌లో గడిపే కాలమంతటిలో దాని గోడలోని ప్రతి పరమాణువూ సగటున ఎన్నిసార్లు చోటు తప్పుతుందో లెక్క కడతారు. ప్రోటోటైప్ రియాక్టర్ ఇంధన గొట్టాలకు పెట్టుకున్న లక్ష్యంలో ఆ లెక్క 85. ఎనభై అయిదుసార్లు చోటు తప్పాక కూడా గొట్టం గొట్టంగానే నిలవాలి.

ఇలాంటిదేదో జరుగుతుందని 1942లోనే యూజీన్ విగ్నర్ ఊహించాడు. షికాగోలో తొలి రియాక్టర్ల పని నడుస్తున్న రోజులవి. వేగంగా పోయే న్యూట్రాన్లు గ్రాఫైటు పరమాణువులను చోటు తప్పిస్తాయని ఆయన హెచ్చరించాడు. తోటివాళ్ళు దానికి 'విగ్నర్ జబ్బు' అని పేరు పెట్టుకున్నారు. ఉక్కు మీద మాత్రం అందరికీ ధీమా. రేడియేషన్‌లో ఉక్కు గట్టిపడుతుందనీ పెళుసెక్కుతుందనీ తెలుసు. ఉబ్బుతుందని ఎవరికీ తోచలేదు.

ఆ ధీమా స్కాట్లాండ్ ఉత్తరపు కొసన డౌన్‌రేలో చెదిరింది. అక్కడి ఫాస్ట్ రియాక్టర్ నుంచి తీసిన స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కలను కాథోర్న్, ఫుల్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టారు. ఉక్కు నిండా సన్నటి తొర్రలు. పగుళ్ళు కావు, తుప్పు కాదు. ఒక్కొక్కటీ నానోమీటర్లలో కొలవాల్సినంత చిన్న ఖాళీ గది. 1967లో 'నేచర్' పత్రికలో ఈ సంగతి వచ్చింది. బ్రిటన్, అమెరికా, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ ఫాస్ట్ రియాక్టర్ల డిజైన్లు గీస్తున్న రోజులవి. లోపల అంత ఖాళీ చేరితే ఉక్కు పరిమాణం పెరుగుతుంది. గొట్టాలు లావెక్కి వాటి మధ్య సోడియం పారే సందు మూసుకుపోతుంది. ఒక పక్క న్యూట్రాన్లు ఎక్కువ, ఇంకో పక్క తక్కువ తగిలిన డబ్బా ఆ తేడాకు వంగుతుంది. డిజైనర్లందరూ కాగితాలు మళ్ళీ ముందేసుకోవలసి వచ్చింది.

ఇరుక్కున్న పరమాణువులూ ఖాళీలూ సమానంగా పుడుతున్నప్పుడు అవి ఒకదాన్నొకటి కలిసి రద్దయిపోవాలి కదా, తొర్రలెలా పెరిగాయి? ఈ సమస్యకు గుండెకాయ లాంటి ప్రశ్న ఇదే. ఏ ఉక్కులోనైనా వరసలు తప్పిన గీతలుంటాయి, వాటిని డిస్‌లొకేషన్లు అంటారు. అవి రెండు రకాలనూ మింగుతాయి, కానీ ఇరుక్కున్న పరమాణువులను కాస్త ఎక్కువ ఇష్టంగా లాక్కుంటాయి. తేడా చాలా కొద్దిది. అయినా నెలల తరబడి అదే తేడా పేరుకుంటుంది. ఇరుక్కున్నవి గుంపుగూడి వరసల మధ్య ఒక అదనపు పొరగా పరుచుకుంటాయి. ఆ పొర అంచు గుండ్రటి ఉచ్చు అవుతుంది. ఉచ్చు మరిన్నిటిని లాక్కుని పెద్దదవుతుంది. జోడీ దొరకని ఖాళీలు మిగిలిపోయి, అవి ఒక చోటికి చేరితే తొర్ర. ఉక్కులోని నికెల్ న్యూట్రాన్లను మింగి హీలియం కూడా పుట్టిస్తుంది. ఆ వాయువు తొర్ర లోపలికి చేరి అది కూలిపోకుండా నిలబెడుతుంది. మొదట్లో చాలాకాలం పైకి ఏమీ కనిపించదు. ఆ నిమ్మళం ముగిశాక మాత్రం, మామూలు స్టెయిన్‌లెస్ రకాల్లో ప్రతి పరమాణువూ సగటున ఒక్కసారి చోటు తప్పేసరికి పరిమాణం ఒక శాతం చొప్పున పెరుగుతుంది. ఇంకో పది లెక్క గడిస్తే పది శాతం. అక్కడితో ఆ గొట్టం పని అయిపోయినట్టే.

కల్పాక్కం ఈ రంగంలోకి దిగిన సమయం చిక్కులది. ఫ్రాన్స్‌లోని రాప్సొడీ నమూనాగా ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టర్ కట్టడానికి 1969లో ఒప్పందం జరిగింది. 1974లో పోఖ్రాన్ పరీక్ష అయ్యాక శుద్ధి చేసిన యురేనియం బయటి నుంచి వచ్చే దారి మూసుకుపోయింది. చేతిలో ఉన్నది ప్లుటోనియం. దానితో ఎవరూ కోర్ మొత్తం నింపి నడపని ఇంధనాన్ని మనవాళ్ళు ఎంచుకున్నారు: 70 పాళ్ళు ప్లుటోనియం కార్బైడు, 30 పాళ్ళు యురేనియం కార్బైడు. అరువు తెచ్చుకోవడానికి ఇంకో దేశపు అనుభవం లేదు. 1985 అక్టోబర్ 18న ఆ రియాక్టర్ క్రిటికాలిటీకి, అంటే గొలుసు చర్య తనంతట తానే నడిచే స్థితికి, చేరింది.

ఇంధనాన్ని ఎంతదాకా మండించవచ్చు? మొదట పెట్టుకున్న హద్దు టన్నుకు 25 వేల మెగావాట్ రోజులు (ఒక మెగావాటు వేడి రోజంతా వస్తే ఒక మెగావాట్ రోజు). హద్దు చేరగానే ఒక డబ్బాను బయటికి తీసి, చల్లబరిచి, హాట్ సెల్‌కు చేర్చారు.

హాట్ సెల్ అంటే మందపాటి కాంక్రీటు గది. అందులోకి మనిషి అడుగు పెట్టడు. సీసం కలిసిన మందపాటి గాజు కిటికీకి ఇవతల ఆపరేటర్ నిలబడి రెండు పిడులు పట్టుకుంటాడు. ఆయన మణికట్టు తిరిగితే లోపలి ఇనుప చెయ్యి తిరుగుతుంది. వేళ్ళు దగ్గరపడితే లోపలి పట్టుకారు మూసుకుంటుంది. ఆరుపలకల డబ్బాను కోసి, గొట్టాలను ఒక్కొక్కటిగా బయటికి లాగుతాడు. తేలిగ్గా వచ్చాయా, రాసుకుంటూ వచ్చాయా అన్నది చేతికి తెలిసిపోతుంది. ఒక గొట్టాన్ని కొలత యంత్రం మీద పడుకోబెడతాడు. ముల్లు ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తుంటే కాగితం మీద వ్యాసం గీతగా పడుతుంది. న్యూట్రాన్లు ఎక్కువగా తగిలిన నడిమి భాగంలో గీత పైకి లేస్తుంది. తర్వాత గోడ నుంచి చిన్న ముక్క కోసి, ద్రవంలో ముంచి సాంద్రత తూస్తారు. బరువు తగ్గకుండా సాంద్రత తగ్గిందంటే లోపల తొర్రలు పెరిగాయన్నమాట.

ఆ కొలతలు చూశాకే హద్దును 50 వేలకు పెంచారు. మళ్ళీ తీశారు, మళ్ళీ కొలిచారు. లక్ష. ఆ తర్వాత 1,55,000. చివరికి 1,65,000. మన దేశంలో మామూలు భారజల రియాక్టర్లలో టన్ను ఇంధనం ఇచ్చేది దాదాపు ఏడు వేల మెగావాట్ రోజులు. ఆ గోడ ఎంతకాలం ఎంత ఓర్చిందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. టెస్ట్ రియాక్టర్ గొట్టాలది 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, ఇరవై శాతం కోల్డ్ వర్క్ చేసినది.

కోల్డ్ వర్క్ అంటే ఏమిటో చెప్పడానికి హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీలోని ట్యూబు షాపుకు రావాలి. ఈ ఘట్టాన్ని నేను ఊహించి రాస్తున్నాను, పాత్రలకు పేర్లు పెట్టలేదు. కోదాడ నుంచి కొత్తగా వచ్చిన ఐటీఐ కుర్రాడు. పిల్గర్ మిల్లు మీద ఏళ్ళు గడిపిన పెద్ద టెక్నీషియన్. వంకర డైల మధ్య గొట్టం ముందుకూ వెనక్కీ కదులుతూ, ప్రతి దెబ్బకూ కాస్త సన్నబడుతూ వస్తోంది.

"గింత పల్చగ ఉంది గదా అన్నా, ఆగుతదా?"

"ఆగుతది. మీ ఊర్ల సెంట్రింగు పని సూసినవా? వంచిన సువ్వను మల్ల సక్కగ చేస్తే ఎట్లయితది?"

"గట్టిగయితది. గదే కాడ ఇంకో రెండుసార్లు వంచితే ఇరుగుతది."

"గంతే. గట్టిగయ్యే కాడిదాంక పోవాలె, ఇరిగే కాడికి పోవద్దు. మధ్యల ఫర్నేసుల పెట్టి మెత్తగ చేస్తం. ఆఖర్ల మాత్రం ఇరవై శాతం గట్టిగనే వదిలిపెడ్తం."

"ఎందుకన్నా? మెత్తగనే ఇయ్యొచ్చు గదా?"

"మెత్తగిస్తే అక్కడికి పోయినంక ఉబ్బుతది."

కుర్రాడు అడిగిన ప్రశ్నలోనే ఈ విద్య అంతా ఉంది. చల్లగా ఉన్న ఉక్కును బలవంతంగా సాగదీస్తే వరసలు తప్పి లెక్కలేనన్ని డిస్‌లొకేషన్లు పుడతాయి. చువ్వ గట్టిపడడానికి కారణం అవే. గోడ నిండా అవి దట్టంగా అల్లుకుని ఉంటే, న్యూట్రాన్ దెబ్బకు పుట్టిన ఖాళీలూ ఇరుక్కున్న పరమాణువులూ ఎటు కదిలినా రెండడుగుల్లో ఏదో ఒక గీత తగులుతుంది. ఖాళీలన్నీ ఒకచోట పోగయ్యే తీరిక ఉండదు. ఏ మచ్చా లేని స్ఫటికమే గొప్పదనుకుంటాం. ఈ రంగంలో నిజం దానికి ఎదురుగా ఉంది. మచ్చలేని స్ఫటికమే అన్నిటికంటే ముందు ఉబ్బుతుంది. గోడలో మనమే ముందుగా, కావాలని, లోపాలు నాటాలి.

ప్రోటోటైప్ రియాక్టర్ కోసం ఎన్‌ఎఫ్‌సీ తయారుచేసిన గొట్టాలది డీ-9 అనే రకం. అందులో క్రోమియం, నికెల్‌తో పాటు చిటికెడు టైటానియం కలుపుతారు. టైటానియం కార్బన్‌తో కలిసి గోడ నిండా సన్నటి రేణువులుగా మారుతుంది. ఖాళీలనూ హీలియాన్నీ ఆ రేణువుల అంచులు పట్టేస్తాయి. టైటానియం ఎంత వెయ్యాలి? రియాక్టర్‌లో పెట్టి చూద్దామంటే జవాబుకు ఏళ్ళు పడుతుంది. అందుకని కల్పాక్కంలోని అయాన్ యాక్సిలరేటర్‌ను వాడారు. ఉక్కు బిళ్ళలోకి ముందు హీలియం ఎక్కిస్తారు. తర్వాత నికెల్ అయాన్లను 50 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో దూస్తారు. బిళ్ళలో ఒక భాగాన్ని కప్పి ఉంచుతారు. రియాక్టర్ ఏళ్ళ తరబడి చేసే గాయం కొద్ది గంటల్లో అయిపోతుంది. కప్పిన చోటుకూ దెబ్బ తగిలిన చోటుకూ మధ్య మెట్టు లేస్తుంది. ఆ మెట్టు ఎత్తు నానోమీటర్లలో కొలిస్తే ఉబ్బు తెలుస్తుంది. టైటానియం 0.15 శాతమా, 0.25 శాతమా అన్నంత చిన్న తేడాకే ఉబ్బు మారిపోవడం అక్కడ కనిపించింది.

ఈ గాయం పుట్టే క్షణాన్ని మాత్రం ఏ యంత్రమూ చూడలేదు. పది పికోసెకన్ల వ్యవహారం. దాన్ని కంప్యూటర్‌లోనే చూడాలి. ఆ పని మన విశాఖపట్నంలో జరుగుతోంది. అక్కడి భాభా అణు పరిశోధన కేంద్రంలో ఉత్కర్ష్ భరద్వాజ్, మనోజ్ వారియర్ తదితరులు లక్షల పరమాణువులను లెక్కలో నిలబెట్టి, ఒకదానికి దెబ్బ కొట్టి, మిగతావి ఎటు పోతాయో అడుగడుగునా లెక్కగడతారు. చివర్లో మిగిలిన గుంపుల ఆకారాలను తనంతట తానే పోల్చి వేరుచేసే సాఫ్ట్‌వేర్ రాశారు. పేరు సీ-సారాంశ్. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఫ్యూజన్ రియాక్టర్ల పదార్థాల మీద 2018లో ప్రపంచ స్థాయిలో పెట్టిన పోటీలో గెలిచింది ఈ బృందమే.

ఆకారం ఎందుకంత ముఖ్యం? ఇనుములో ఇరుక్కున్న పరమాణువుల గుంపు కొన్నిసార్లు ఒకే దిశలో బారులు తీరుతుంది. అది స్ఫటికంలో సులువుగా జారిపోతుంది, ఏదో ఒక అంచు చేరి మాయమవుతుంది. ఇంకొన్నిసార్లు ఆ పరమాణువులే ఉంగరాలుగా ముడిపడతాయి. ఆ ముడి కదలదు. ఉన్నచోటే ఉండి, దారినపోయే డంబెళ్ళను ఒక్కొక్కటిగా లాక్కుని పెరుగుతుంది. ఒక స్థాయికి వచ్చాక ముడి విచ్చుకుని, పైన చెప్పిన ఉచ్చుగా మారుతుంది. ఇనుములో ఒక రకం ఉచ్చులు ఎలా వస్తున్నాయో పరిశోధకులకు చాలాకాలం అంతుపట్టలేదు. వాటికి దారి ఈ ముడుల గుండా ఉందని ఈ మధ్యకాలపు లెక్కలు చూపించాయి. పుట్టినప్పుడు ఏ ఆకారంలో ఉందో తెలిస్తే ఏళ్ళ తర్వాత గోడ ఏమవుతుందో అంచనా కట్టే వీలు దొరుకుతుంది.

డీ-9కు కూడా ఒక హద్దు ఉంది. నికెల్ ఎక్కువున్న ఆ కుటుంబపు ఉక్కులు ఎంత ఆపినా ఒకనాటికి ఉబ్బుతాయి. తొమ్మిది శాతం క్రోమియం ఉన్న ఫెరిటిక్ రకాల అమరిక వేరు, అవి చాలా తక్కువ ఉబ్బుతాయి. అయితే 600 డిగ్రీలు దాటితే వాటి బలం సడలుతుంది. ఉబ్బకూడదు, వేడికి సడలకూడదు. ఈ రెంటినీ కలిపే ప్రయత్నం హైదరాబాద్ బాలాపూర్‌లోని లోహపు పొడుల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, మిశ్రమ లోహాలు చేసే మిధాని, ఎన్‌ఎఫ్‌సీ, కల్పాక్కం కలిసి చేశాయి.

బాలాపూర్‌లో ఉక్కును పొడిగా తీసుకుంటారు. తొమ్మిది శాతం క్రోమియం, రెండు శాతం టంగ్‌స్టన్, కొంచెం టైటానియం. దానికి 0.35 శాతం ఇట్రియం ఆక్సైడు కలిపి, ఆర్గాన్ వాయువులో గంటల తరబడి మిల్లులో ఆడిస్తారు. ఉక్కు గుళ్ళ మధ్య నలిగి నలిగి ఇట్రియం ఉక్కులో కలిసిపోతుంది. ఆ పొడిని మెత్తని ఉక్కు డబ్బాలో నింపి, గాలి తీసేసి, మూత వెల్డింగ్ చేసి, వేడి మీద ప్రెస్సులో తోస్తారు. ఆ వేడిలో ఇట్రియం, టైటానియం, ఆక్సిజన్ కలిసి రెండు నుంచి అయిదు నానోమీటర్ల రేణువులుగా గోడ నిండా మళ్ళీ పుడతాయి. తర్వాత ఎన్‌ఎఫ్‌సీలో పిల్గరింగ్. అదే కొలత: 6.6 మిల్లీమీటర్లు, 0.45 మిల్లీమీటరు.

సూర్యాపేట, పిల్లలమర్రి ప్రాంతపు రైతులకు గొలుసుకట్టు చెరువుల సంగతి నేను చెప్పనక్కర్లేదు. వాన ఎంత పడ్డా నీళ్ళు ఒకే కట్ట మీద పడవు, పై చెరువు అలుగు పారి కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకో దానికి పంచుకుంటూ పోతాయి. ఆ రేణువులు గోడలో చేసేది ఆ పనే. హీలియాన్నీ ఖాళీలనూ కోట్లాది చిన్న చిన్న చోట్లలో పంచుకుంటాయి కాబట్టి ఏ ఒక్క తొర్రా పెరిగేంత సరుకు దొరకదు. పైగా వేడిలో డిస్‌లొకేషన్లు జారకుండా అడ్డుపడి గోడకు బలం ఇచ్చేవీ అవే.

చిక్కల్లా గొట్టం కొసల దగ్గర. ఇంధనం నింపే గొట్టానికి రెండు కొసలకూ బిరడాలు పెట్టి మూయాలి. మామూలు గొట్టాలకైతే వెల్డింగ్ చేస్తే సరిపోతుంది. ఇక్కడ కరిగించి అతికితే, కరిగిన చోట ఆ రేణువులు పైకి తేలి ముద్దకడతాయి. ఎన్ని గంటలో ఆడించి పంచిన ఇట్రియం ఆ ఒక్క అతుకులో చెదిరిపోతుంది. గోడంతా నిలిచినా అతుకు నిలవదు. అందుకని ఉక్కును కరగనివ్వకుండా, అయస్కాంత బలంతో ఒక్క ఉదుటున బిగించి అతికించే పద్ధతుల మీద పని జరుగుతోంది. 2024 మార్చి 4న ప్రోటోటైప్ రియాక్టర్ కోర్‌లో డబ్బాలు దించడం మొదలైంది. దాని ఇంధనానికి గోడ డీ-9 గొట్టాలే. బాలాపూర్ పొడితో చేసే గొట్టాలు ఆ తర్వాతి తరం ఇంధనం కోసం. వాటి అతుకులు కూడా ఏదో ఒక రోజు హాట్ సెల్ కిటికీ ఇవతల నిలబడ్డ ఆపరేటర్ చేతికి రావాలి. ఆయన వాటినీ కోసి, కొలిచి, ద్రవంలో ముంచి తూచాకే హద్దు ఎక్కడ గీయాలో తేలుతుంది.